డాక్టరు గారిని అడుగుదాం

మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. మూతి వంకర పోతుంది. కాలూ చెయ్యీ పడిపోతాయి. మాట తడబడుతుంది. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. నాళం మూసుకుపోతే గడ్డను కరిగించే ఇంజక్షను ఉంది. అది నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. పావురం రక్తం రాస్తూ కూర్చుంటే ఆ సమయం దాటిపోతుంది.

కొందరికి దెబ్బ చాలా పెద్దది. రాజమండ్రి, కాకినాడ పెద్దాసుపత్రులకు తీసుకువెళ్లినా తెలివి రాదు. డాక్టరు గారు వరండాలో మగవాళ్లతో రెండు మాటలు చెబుతారు. రాత్రీ పగలూ మంచం దగ్గర ఉండేది మాత్రం మనం. మనకూ తెలియాలి కదా! అందుకే మనమే అడగాలి.

ఒక కోడలు ఇలా అడిగిందనుకోండి.

"డాక్టరు గారూ, మా అత్తగారు మళ్లీ లేస్తారాండీ?"

"మెదడు బాగా దెబ్బతిందమ్మా. లేచి నడవడం కష్టం. ప్రాణానికీ భరోసా చెప్పలేను."

"మిషను పెడితే తెలివొస్తుందాండీ?"

"మిషను ఊపిరి అందిస్తుంది. పాడైన మెదడును బాగు చెయ్యలేదు. మంచిగా ఉన్నప్పుడు ఆవిడ ఏమనేవారు?"

"మంచాన పడి ఉండకూడదు, నా ఇంట్లోనే పోవాలి, అనేవారండీ."

"ఈ మాట నాకు చాలా అవసరం. సాయంత్రం మీ వాళ్లందరినీ రమ్మనండి. కూర్చుని మాట్లాడుకుందాం."

చూశారా! కోడలు నోరు విప్పింది. అత్తగారి ఇష్టం డాక్టరుకు తెలిసింది.

జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించవచ్చు. దీన్ని ఉపశమన వైద్యం అంటారు. అంటే రోగిని వదిలెయ్యడం కాదు. నొప్పికి, ఆయాసానికి మందు ఇస్తారు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే పుళ్లు పడతాయి. తెలివి లేనివారి నోట్లో పాలు, పసరు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చివరి తులసి నీళ్లు కూడా గొంతులో పోయవద్దు. తడిగుడ్డతో పెదవులు తడిపితే చాలు. మంచం దగ్గర ఖర్చుల గురించి, వాటాల గురించి మాట్లాడవద్దు. వారికి వినపడుతూ ఉండవచ్చు. చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలవండి.

మంచిగా ఉన్నప్పుడే మన ఇష్టం రాసి పెట్టుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దీనికి ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు కావాలి. నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ సంతకం చెయ్యాలి.

ఈ ప్రశ్నలు చూసి రాయండి. అవసరమైతే కాగితం ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

1. మా మనిషి బతుకుతారా? లేచి తిరుగుతారా?
2. ఈ వైద్యం వల్ల లాభమేమిటి? బాధ ఏమిటి?
3. బాధ తగ్గడానికి ఏం చేస్తారు?
4. ఇంటికి తీసుకువెళితే మేమేం చెయ్యాలి? ఎవరిని పిలవాలి?

ఆలోచించండి: మీ ఇంట్లో పెద్దవాళ్ల ఇష్టం ఏమిటో ఎప్పుడైనా అడిగారా?