చెక్క కోసే ముందు



అల్లుడూ, కారు కోసం పది అంగుళాల సబ్‌వూఫర్ కొన్నావనీ, గాజువాక ఆటోనగర్‌లో ఎవరిచేతనైనా పెట్టె చేయించుకోవాలనుకుంటున్నావనీ రాశావు. ఎవరికీ ఇవ్వకు, నువ్వే చెయ్యి. నీ స్పీకర్‌కి ఎంత గాలి కావాలో నీకంటే శ్రద్ధగా లెక్కేసేవాళ్లు దొరకరు.

పెట్టె స్పీకర్‌ని నిలబెట్టడానికి మాత్రమే కాదు. మూసిన పెట్టెలో చిక్కుకున్న గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. కోన్ లోపలికొస్తే బయటికి తోస్తుంది, బయటికి పోతే లోపలికి లాగుతుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఈ గాలినే నమ్ముకుని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించాడు. 1961లో ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్, 1970ల్లో రిచర్డ్ స్మాల్ ఈ విద్యను లెక్కల్లో పెట్టారు. నీ స్పీకర్‌తో వచ్చిన కాగితంలోని ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అంకెలు వాళ్ల చలవే. మొదటిది స్పీకర్ సొంత అనునాదం, రెండోది ఆ అనునాదం ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె, మూడోది కోన్ బిగువుకి సమానమైన గాలి పరిమాణం.

ఎఫ్‌ఎస్ 32 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 30 లీటర్లు అనుకో. మూసిన పెట్టెలో మొత్తం క్యూ 0.707 దగ్గరుంటే బేస్ ఉబ్బదు, పలచబడదు. 0.707ని 0.5తో భాగించి వర్గం చేస్తే 2 వస్తుంది. అందులోంచి 1 తీసెయ్. మిగిలిన 1తో వీఏఎస్‌ని భాగిస్తే 30 లీటర్లు. అదే నీ పెట్టె. అందులో బిగించాక అనునాదం 32 నుంచి 45 హెర్ట్జ్‌కి పెరుగుతుంది. బెంగపడకు, కారు లోపలి చోటు చిన్నది కాబట్టి అంతకంటే లోతైన స్వరాలను కారే పైకెత్తుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఆ 30 లీటర్లు లోపలి కొలత. స్పీకర్ అయస్కాంతమూ, లోపల అడ్డంగా వేసే బద్దా ఆక్రమించే చోటుకి సుమారు రెండున్నర లీటర్లు కలుపు. లోపల 45, 30, 24 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. 18 మిల్లీమీటర్ల చెక్కతో బయటి కొలత 48.6, 33.6, 27.6 అవుతుంది. పొరపాటున 45, 30, 24ని బయటి కొలతగా తీసుకుని కోశావో, లోపల మిగిలేది 22 లీటర్లే. మూడో వంతు గాలి పోయినట్టే. డిక్కీలో పట్టేదీ లేనిదీ అట్టముక్కలతో పెట్టె చేసి ముందే చూసుకో.

చెక్క సంగతి. చాలామంది ఎండీఎఫ్ వాడతారు. బరువుగా, చదునుగా ఉంటుంది, కంపనం తక్కువ. కానీ మన విశాఖ గాలిలో ఎప్పుడూ సముద్రపు తేమే. కోసిన అంచులు ఆ తేమ తాగి ఉబ్బుతాయి. నేనైతే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే వాడతాను. ఖరీదెక్కువే, అయినా దానికే నా ఓటు. ఎండీఎఫ్ తప్పకపోతే అంచులన్నిటికీ సీలర్ పట్టించు.

అతుకులకు ఫెవికాల్ నిండుగా రాసి, స్క్రూలు బిగించి, ఒక రాత్రి ఆరనివ్వు. లోపలి మూలలన్నిటా సీలెంట్ పూయి. బిగించాక 30 హెర్ట్జ్ స్వరం మెల్లగా పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడుపు. పొగ వణికిన చోట గాలి లీకవుతోందన్నమాట.

గాలికి గొట్టంతో దారి వదిలే పోర్టు పెట్టె మోత ఎక్కువిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పోర్టు స్వరానికి దిగువన కోన్‌కి గాలి పట్టు ఉండదు, ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. ఆంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతైన స్వరాలను ఆపేది) లేకపోతే స్పీకరే పోవచ్చు. మొదటి పెట్టె మూసినదే చెయ్యి.

ఆంప్లిఫయర్‌కి వెళ్లే పాజిటివ్ వైరుకి బ్యాటరీ నుంచి మూరెడు లోపలే ఫ్యూజ్ ఉండాలి. అది లేకుండా మాత్రం వైరు కలపకు.

నీ స్పీకర్ అంకెలు మూడూ, డిక్కీ కొలతలూ కాగితం మీద రాసి పంపు. నేను చూసి జవాబిచ్చాకే రంపం పట్టు.

నీ మేనమామ