వాచీ మాట ఎంతవరకు వినాలి?

విశాఖపట్నం,
జూన్ 8.

చిరంజీవి లహరికి,

నీ మెసేజ్ చదివాను. దాని కింద వరసగా పంపిన వాచీల లింకులన్నీ తెరిచి చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు గానీ, అలా చెబితే నువ్వు ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఆగస్టు ఆఖర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చావు. మే నెలంతా ఎండల్లో కూడా మానకుండా పరిగెత్తావు. తీరా ఇప్పుడు నీ చేతి వాచీ ‘అన్‌ప్రొడక్టివ్’ అని చూపిస్తోంది. దాంతో నీకు వారం రోజులుగా బూట్లు తొడగబుద్ధి కావడం లేదు. ఇంకా మంచి వాచీ కొంటే ఊపు వస్తుందేమోనని నన్నడుగుతున్నావు. కొత్తది కూడా ఇంచుమించు అదే మాట అంటుందమ్మా. ఎందుకంటుందో ముందు తెలుసుకో. నేను ఉద్యోగమంతా ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలోనే చేశాను కదా. మీటరు ఏం కొలుస్తోందో తెలియకుండా దాని ముల్లు చూసి కంగారుపడేవాళ్లని చాలామందిని చూశాను.

నీ వాచీకి నీ ఊపిరితిత్తులూ కనిపించవు, కాళ్లూ కనిపించవు. దానికి తెలిసింది నువ్వు ఎంత వేగంగా వెళ్తున్నావు, నీ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది అనేవే. ఆ రెండూ పక్కపక్కన పెట్టి వీఓ2 మాక్స్ అనే అంకెను, అంటే ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్న లెక్కను, అంచనా వేస్తుంది. నిజానికి ఆ అంకెను ల్యాబులో ముఖానికి మాస్కు కట్టి, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, పీల్చి వదిలే గాలిని పరీక్షించి తేల్చాలి. ఇప్పుడు మే నెల సంగతి ఆలోచించు. ఎండాకాలంలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమట రూపంలో నీరు పోతుంది. అదే వేగంతో వెళ్లడానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. వాచీ మాత్రం ‘అదే వేగానికి గుండె ఎక్కువ కష్టపడుతోంది, అంటే ఈ పిల్ల సత్తువ తగ్గిపోతోంది’ అని తీర్పు చెప్పేస్తుంది. ఖరీదైన మోడళ్లు కొన్ని వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటాయి గానీ, అవైనా వేసేది అంచనాయే.

అసలు విశేషం ఏమిటంటే, వేడిలో రెండు వారాలు జాగ్రత్తగా పరిగెత్తితే రక్తంలో ప్లాస్మా అనే ద్రవ భాగం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది. వాచీ పనికిరాదన్న ఆ నెలే నిన్ను గట్టిపరిచింది. వానలు పడి గాలి చల్లబడ్డాక ఆ అంకె దానంతటదే పైకి లేస్తుంది, చూస్తూ ఉండు.

ఇంకోటి. మణికట్టు దగ్గర గుండె వేగాన్ని కొలిచేది ఆ పచ్చని లైటు. చర్మం కింద రక్తం వచ్చిపోయే తీరుని ఆ వెలుతురు తిరిగి వచ్చే తీరునుబట్టి పసిగడుతుంది. పట్టీ వదులుగా ఉంటే అది గుండెను వదిలేసి నీ అడుగుల లయను పట్టుకుంటుంది. నిమిషానికి 170 అడుగులు వేస్తుంటే గుండె కూడా 170 అని చూపిస్తుంది! కాబట్టి పట్టీని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన బిగించి పెట్టుకో. డబ్బు పెట్టే తీరాలనుకుంటే వాచీ మార్చడం కంటే ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ కొనుక్కో. అది గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది. ఇదేమీ కొత్త వస్తువు కాదు. ఫిన్లాండ్‌కి చెందిన పోలార్ కంపెనీ 1982లోనే తీగల్లేని హార్ట్ రేట్ మానిటర్‌ని బజారులోకి తెచ్చింది. నాలుగు దశాబ్దాలు దాటినా దాన్ని మించిన నమ్మకమైన సులువు పద్ధతి నాకైతే కనబడలేదు.

ఇక ఉత్సాహం సంగతి. ఈ వస్తువులన్నీ నిన్ను ముందుకు తోస్తాయని కంపెనీలు అమ్ముతాయి. నా మటుకు నాకు అవి వెనక్కి పట్టుకోవడానికే ఎక్కువ పనికొస్తాయి. కొత్తగా పరుగు మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మానేసేది బద్ధకం వల్ల కాదు. రోజూ అతివేగంగా పరిగెత్తి, ఆయాసపడి, మోకాలో పిక్కో పట్టేసి మానేస్తారు. నీ వాచీలో గుండె వేగానికి పై హద్దు పెట్టుకునే వీలుంది. అది దాటగానే కంపించేలా పెట్టుకో. ఆ హద్దుకి ఆధారమైన గరిష్ఠ గుండె వేగాన్ని తేల్చడానికి 220లోంచి వయసు తీసేసే పాత సూత్రం ఒకటుంది. 2001లో వచ్చిన ఇంకో సూత్రం ప్రకారం వయసుని 0.7తో హెచ్చించి 208లోంచి తీసేయాలి. నీకు 26 ఏళ్లు కాబట్టి గరిష్ఠం మొదటి దాని ప్రకారం 194, రెండో దాని ప్రకారం 190. నాకు 63. ఒకటి 157 అంటుంది, ఇంకోటి 164 అంటుంది. పైగా మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ తేడా ఉంటుంది. అందుకని ముందు నోటితో పరీక్ష పెట్టుకో. పరిగెడుతూ మీ అమ్మతో ఫోన్లో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది తేలిక పరుగు. అప్పుడు వాచీ ఏ అంకె చూపిస్తోందో గుర్తుపెట్టుకుని దాన్నే హద్దుగా పెట్టుకో. వారంలో ఎక్కువ రోజులు ఆ హద్దు లోపలే ఉండు.

వేడి మరీ ఎక్కువైన రోజున ఇంటర్వల్ టైమర్ వాడు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇది చేతకానివాళ్ల పద్ధతి అనుకునేవు. దీన్ని ప్రచారం చేసిన జెఫ్ గాలోవే 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పదివేల మీటర్లు పరిగెత్తినవాడు.

తెల్లవారుజామున మంచం మీంచి లేపే పని మాత్రం ఏ వాచీకీ చేతకాదు. అలారం మోగితే నొక్కేసే చెయ్యి ఆ వాచీ ఉన్న చెయ్యే కదా! ఆ పనికి మనుషులు కావాలి. లండన్లో మీ పెద్దమ్మ కొడుకు శనివారం శనివారం పార్క్‌రన్‌కి వెళ్తాడని నీకు తెలుసు. దాని కథ తెలుసా? పాల్ సింటన్ హ్యూయిట్ అనే ఆయన దెబ్బ తగిలి పరుగుకు దూరమయ్యాడు. స్నేహితులైనా వారానికోసారి కనబడతారని 2004 అక్టోబరు 2న బుషీ పార్కులో ఐదు కిలోమీటర్ల పరుగు పెట్టాడు. ఆ రోజు పరిగెత్తింది 13 మంది. పెట్టినాయన మాత్రం పరిగెత్తలేదు, పక్కన నిలబడి టైములు రాసుకున్నాడు. ఇవాళ అది ఎన్నో దేశాల్లో వారం వారం నడుస్తోంది. రుసుము లేదు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే నీకో బార్‌కోడ్ ఇస్తారు. చివర్లో దాన్ని స్కాన్ చేస్తారు, ఆ తరువాత నీ టైము ఈమెయిల్లో వస్తుంది. బార్‌కోడ్ తేకపోతే ఫలితం లేదు. ఇరవై ఐదు పరుగులు పూర్తి చేస్తే టీషర్టుకి అర్హత వస్తుంది. స్వచ్ఛందంగా పనిచేసిన వారాలకీ అలాంటి లెక్కే ఉంది. ఆన్‌లైన్ సాధనమంటే నాకు నచ్చింది అది. తెర మీద జరిగేది కాస్తే, మిగతాదంతా తడిగడ్డి మీద జరుగుతుంది.

మన దేశంలో పార్క్‌రన్ లేదు గానీ, మీ ఊళ్లో హైదరాబాద్ రన్నర్స్ ఉన్నారు. ఏళ్ల తరబడి పేటపేటకీ గుంపులు కట్టి పరిగెడుతున్నారు, కొత్తవాళ్లని ఆప్యాయంగా కలుపుకుంటారు. నువ్వు ఉండే గచ్చిబౌలి వైపు ఒక గుంపు చూసుకో. ‘ఆదివారం అయిదింటికి వస్తాను’ అని వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట రాసేస్తే చాలు. శనివారం రాత్రి సినిమాకి వెళ్లినా ఆ మాట నిద్రపోనివ్వదు.

పరుగుల లెక్క రాసే స్ట్రావా యాప్ పెట్టుకున్నావు, బానే ఉంది. బూట్ల లెక్క అందులో పెట్టుకో. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఎప్పుడు మార్చాలో గుర్తుచేయడానికి అది పనికొస్తుంది. అందులో స్నేహితులు మెచ్చుకుంటూ ఇచ్చే కుడోలు కూడా తప్పేం కాదు, ఎవరో చూస్తున్నారంటే ఎవరికి బాగుండదు? కానీ ఆ చూపుల కోసమే పరిగెత్తడం మొదలైతే ఎక్కడిదాకా పోతుందో చెప్పనా? 2024లో ఇండొనేషియాలో కొందరు కుర్రాళ్లు డబ్బులు పుచ్చుకుని ఇతరుల ఖాతాల మీద పరిగెత్తి పెట్టడం మొదలుపెట్టారు. డబ్బిచ్చినవాడు ఇంట్లో పడుకుంటాడు, వాడి పేరు మీద పది కిలోమీటర్లు మెరిసే వేగంతో నమోదవుతాయి. పెళ్లికి వెళ్లకుండా చదివింపులు మాత్రం పంపినట్టు! నాకు నవ్వాగలేదు.

రోజూ పరిగెత్తాలన్న గొలుసు లెక్క ఉంది చూశావా, దానితో జాగ్రత్త. ఇంగ్లండులో రాన్ హిల్ అని గొప్ప మారథానర్ ఉండేవాడు. 1970లో బోస్టన్ మారథాన్ గెలిచినవాడు, బట్టల రసాయన శాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాడు. 1964 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా, 52 ఏళ్ల పైచిలుకు, ఒక్కరోజు తప్పకుండా కనీసం ఒక మైలు పరిగెత్తాడు. కాలికి ఆపరేషన్ అయితే చంకకర్రలతో పూర్తి చేశాడు. చివరికి ఓ రోజు ఆ మైలులో గుండెల్లో నొప్పి వస్తే, అప్పుడు మానాడు. ఆయన్ని తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది, నా మేనకోడలు మాత్రం అలా ఉండకూడదనిపిస్తుంది. నీ యాప్ ‘స్ట్రీక్ పోయింది’ అని ఏడిస్తే ఏడవనీ. వారానికి రెండు రోజులు పడుకో.

ఎలియుడ్ కిప్చోగే సంగతి విన్నావు కదా, 2019లో వియన్నాలో 42.195 కిలోమీటర్లు రెండు గంటల లోపల ముగించినవాడు. ఆయన 2003 నుంచి తన సాధనంతా నోటుపుస్తకాల్లో చేత్తో రాసుకుంటాడు. నువ్వూ ఒక పుస్తకం పెట్టుకో. కిలోమీటర్లు వాచీలో ఎలాగూ ఉంటాయి. వాచీకి తెలియనిది రాయి: రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావు, ఏం తిన్నావు, నెలసరా, ఆఫీసులో గొడవా, ఎక్కడ కాలు లాగింది. రెండు నెలల తరువాత తిరగేస్తే ఏ రోజు ఎందుకు బరువుగా ఉందో నీకే అర్థమవుతుంది.

చీకటితో బయల్దేరుతున్నావు కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. లైవ్ లొకేషన్ పంపే వీలు నీ వాచీలో, యాప్‌లో, మామూలు వాట్సాప్‌లో కూడా ఉంది. బయల్దేరేముందు మీ అమ్మకి పంపు. అది మీ అమ్మకే తప్ప ఊరందరికీ కాదు. యాప్‌లో నీ పరుగు మొదలయ్యే చోటూ ముగిసే చోటూ మ్యాపులో కనపడకుండా దాచే సెట్టింగు ఉంది, ఇవాళే పెట్టుకో. 2018లో అందరి పరుగుల దారులనూ కలిపి చూపే స్ట్రావా వాళ్ల హీట్‌మ్యాప్ చూసి ఎడారుల మధ్య ఉన్న సైనిక స్థావరాల ఆకారాలు జనం పట్టేశారు. సైనికుల ఆనవాళ్లే దాగలేదంటే, రోజూ ఒకే గేటు దగ్గర మొదలయ్యే నీ గీత చూసి ఇల్లు కనిపెట్టడం ఎంతసేపు? చెవుల్లోకి దూరే ఇయర్‌ఫోన్లు రోడ్డు మీద వద్దు. చెవి తెరిచి ఉండే బోన్ కండక్షన్ రకం ఉంటే వాడుకో, వెనక వచ్చే బైకూ కుక్కా రెండూ వినబడాలి. మెరిసే పట్టీలున్న జాకెట్టు తొడుక్కో. నూలు మేజోళ్లు మానెయ్, తడిసి బొబ్బలు తెప్పిస్తాయి. కార్బన్ ప్లేటు బూట్ల జోలికి ఈ ఏడు పోకు. అలాంటి బూట్ల అడుగు మందం మీదే ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 40 మిల్లీమీటర్ల హద్దు పెట్టాల్సి వచ్చింది. హాఫ్ మొదటిసారి పరిగెత్తే నీకు అవసరం లేదు.

రేసు రోజు కోసం ఒక చిట్కా. కోర్సుని జీపీఎస్‌తో కొలవరు. సైకిల్ ముందు చక్రానికి, అది తిరిగిన లెక్క చూపే జోన్స్ కౌంటర్ బిగించి, మలుపుల్లో అతి దగ్గర దారి పట్టి కొలుస్తారు. పొరపాటున తక్కువ కాకుండా కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. గుంపులో మనం అంత దగ్గర దారి పట్టలేం. పైగా ఎత్తు భవనాల మధ్య వాచీ సంకేతం అటూ ఇటూ ఊగుతుంది. అందుకని 21.1 కిలోమీటర్ల పరుగు వాచీలో 21.4 అని చూపించవచ్చు. నువ్వు 2 గంటల 20 నిమిషాల్లో ముగించాలని వాచీలో కిలోమీటరుకి 6 నిమిషాల 38 సెకన్లు చూసుకుంటూ వెళ్తే రెండు నిమిషాలు ఆలస్యంగా చేరతావు. కిలోమీటరు కిలోమీటరుకీ దానంతటదే లెక్క కట్టే ఆటో ల్యాప్ తీసేసి, రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు కనబడినప్పుడల్లా చేత్తో ల్యాప్ బటన్ నొక్కు. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు పేస్ చూడనే చూడకు, ఆయాసం మాత్రం చూసుకో. నెక్లెస్ రోడ్డులో బయల్దేరి గచ్చిబౌలి స్టేడియం చేరేలోపు ఎక్కడాలు దిగడాలు చాలా తగులుతాయి, వాచీలో పేస్ ఎలాగూ కిందామీదా పడుతుంది.

కాబట్టి వాచీ కొనకు. ఛాతీ స్ట్రాప్ ఒకటి తీసుకో, డబ్బులు నేను పంపుతాను. ఈ ఆదివారం గుంపుతో కలిసి ఎనిమిది కిలోమీటర్లు, మాట్లాడుకుంటూ. ఆ ఉదయం నేను ఫోన్ తియ్యకపోతే కంగారుపడకు. ఇక్కడ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కదా, ఆ సమయం నేను ఎవరికీ ఇవ్వను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య