పెరటికి అందమైన కంపోస్టు చెక్కపెట్టె

ప్రశ్న: తోటలో చూడముచ్చటైన చెక్క కంపోస్టు పెట్టెను ఎలా కట్టుకోవాలి?

జవాబు: పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులు ఉండడం మంచిది, కుప్ప మరీ చిన్నదైతే సూక్ష్మజీవులు పుట్టించే వేడి నిలవక, చెత్త కుళ్లడం మందగిస్తుంది. నిత్యం తడి తగిలే ఈ పెట్టెకు చెదలను తట్టుకునే టేకు చేవ, అనగా మాను నడిమి భాగంలోని ముదురు రంగు గట్టి కలప, మేలైనది. ఆర్సెనిక్ రసాయనాలతో శుద్ధిచేసిన పాత కలప చౌకగా దొరికినా, ఆ విషం ఎరువులోకి దిగే ప్రమాదం ఉన్నందున దానిని ఎంతమాత్రం వాడరాదు. గాలి ఆడేందుకు బద్దల మధ్య అర అంగుళం సందు వదిలి, ముందువైపు బద్దలను మేకులతో బిగించక నిలువు గాడుల్లో పైనుంచి జారవిడిస్తే, కుప్పను తిరగవేయడం, మాగిన ఎరువును తీయడం సులువవుతాయి. లోతైన నగిషీలో నీరు నిలిచి కలప పుచ్చుతుంది కనుక చెక్కడపు పనిని మూతకింది పట్టెకే పరిమితం చేసి, వెలుపల అవిసె నూనె పూయడం ఉత్తమం.