అల్మరాలో ఆగిపోయిన సైన్యం

మీ అల్మరా తెరవండి. ప్రైమర్ కొట్టి వదిలేసిన బొమ్మ సైనికులు ఎంతమంది? యాభై? వంద? ఫరవాలేదు. లోపం మీ టాలెంట్‌లో లేదు, మీ మెథడ్‌లో ఉంది. మెథడ్ మార్చేద్దాం.

ముందు టార్గెట్. ఎర్రగుంట్లలో ఉండి నెపోలియన్ దాకా ఎందుకండీ? గండికోట పక్కనే ఉంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోటను పెమ్మసాని నాయకుల నుంచి గెలుచుకున్నాడు. 1652లో ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి తావెర్నియే ఆయన్ని అక్కడే కలిశాడు. ఫిరంగులు పోత పోయడానికి యూరప్ పనివాడు కూడా ఉన్నాడు. టేబుల్ మీద ఆడే ఒక యుద్ధం ఆటకు ఇంతకంటే ఏం కావాలి!

ఒక సైనికుణ్ణి పూర్తిగా ముగించాకే రెండోవాణ్ణి పట్టుకుంటానంటారా? ఆ మైండ్‌సెట్ వదిలేయండి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లను చూడండి, పని దశలవారీగా సాగుతుంది. ముందు తెల్లపొణికి చెక్కను చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికిస్తారు. ఆరాక సున్నం పూస్తారు. రంగు ఆ తర్వాతే. వాళ్ల ప్రైమర్ ఆ సున్నమే!

మీరూ అంతే:

1. పదిమందిని ఒకే చెక్కపట్టీకి అతికించండి. ఒకే రంగు తీయండి. పది తలపాగాలూ అయ్యాకే అంగీలు.

2. ముదురు గోధుమరంగు పల్చగా కలిపి వాష్ ఇవ్వండి. మడతల్లోకి అదే దిగుతుంది. సగం షేడింగ్ అయిపోయినట్టే.

3. కనుగుడ్లు మానేయండి. 28 మిల్లీమీటర్ల మనిషి కళ్లు టేబుల్ అవతలివాడికి కనపడవు.

వార్నిష్ దగ్గర మాత్రం నిదానం. రంగు పూర్తిగా ఆరాలి. ముందు మెరిసే గ్లాసీ కోటు, గట్టిదనం కోసం. అది ఆరాక మ్యాట్ కోటు, మెరుపు చంపడానికి. ఆటలో చేతులు తగిలి ముందు రంగు లేచేది బల్లెం కొనల్లోనే, అక్కడ ఇంకో పూత వేయండి. వానాకాలపు తేమలో స్ప్రే కొడితే పొర తెల్లగా పాలిపోతుంది. మే నెల మధ్యాహ్నం కొడితే తుంపర గాల్లోనే సగం ఆరి గరుకుగా పడుతుంది. ఇక మన నాపరాయి దుమ్ము, సిమెంట్ దుమ్ము సంగతి మీకు చెప్పాలా? తెల్లవారాక, గాలి లేని వేళ, డాబా మీద కొట్టండి. మాస్కు తప్పనిసరి. ముందు పాత బొమ్మ మీద టెస్ట్. కొట్టగానే పైన అట్టపెట్టె బోర్లించండి.

రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు. సెలవు లేదు, సాకు లేదు.

ఈ ఆదివారం గోల్కొండ పక్షంలో మొదటి పదిమంది. పెమ్మసాని పక్షం ఎవరు ఆడతారో ఇవాళే ఫోన్ చేసి తేల్చండి. ఆట తేదీ కూడా అప్పుడే ఖాయం చేసేయండి.