నీటికి తగిన చేప

ఉద్దేశం

ప్రతి ప్రాణికీ తనదైన ఆవాసం ఉంటుంది. దానిని గుర్తింపక వినోదానికై ప్రాణులను పెంచడం వాటి ప్రాణానికే ముప్పు. ఈ సత్యాన్ని మన ప్రాంతపు నీటి స్వభావం ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గుంటూరు, ప్రకాశం మైదానాలలోని రైతు నేలను పరీక్షించిన పిదపనే పత్తి విత్తాలో, మిరపనారు నాటాలో నిశ్చయించుకుంటాడు. నేల స్వభావం ఎరుగక విత్తనం ఎంచిన వానికి శ్రమ తప్ప ఫలం దక్కదు. ఇంట గాజుతొట్టి పెట్టి చేపలు పెంచదలచిన వానికీ ఈ వివేకం అవసరమే. రైతుకు నేల ఎటువంటిదో, చేపకు నీరు అటువంటిది.

చూపునకు నీరంతా ఒక్కటే. గుణంలో భేదం ఉన్నది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉన్న నీరు కఠినజలం. స్వల్పంగా ఉన్నది మృదుజలం. ఆమ్ల, క్షార గుణాలను పీహెచ్ విలువతో కొలుస్తారు. ఈ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె తేడా పదిరెట్ల మార్పునకు గుర్తు. కనుక 8 నుండి 6కు దిగడమంటే ఆమ్లగుణం నూరురెట్లు పెరగడమే.

మన ప్రాంతపు నీటిని పరిశీలిద్దాం. సున్నపు బట్టీలకు పేరుపొందిన పిడుగురాళ్ళ ఈ సీమలోనిదే. పల్నాటి సున్నపురాతి పొరల గుండా, నల్లరేగడిలోని సుద్దగుళ్ళ గుండా ఇంకిన నీరు ఆ లవణాలను కరిగించుకొని బోరుబావులకు చేరుతుంది. ఆ నీటిలో సబ్బు నురగ రాదు. కందిపప్పు త్వరగా ఉడకదు. నీరు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కడుతుంది. 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్ కుడికాలువ నీరు బోరునీటికంటె సాధారణంగా మృదువైనదే అయినా, ఆమ్లజలం మాత్రం కాదు. లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కఠినత ఉన్న నీటిని తాగునీటి ప్రమాణాలు అంగీకరిస్తాయి. మృదుజలమనదగినది సుమారు 60 మిల్లీగ్రాములకు లోబడినదే. అనగా మనం తాగదగిన నీరు సైతం కొన్ని చేపలకు కఠినజలమే.

అంగళ్ళలో కనులను ఆకర్షించే నియాన్ టెట్రా, కార్డినల్ టెట్రా, డిస్కస్ మొదలైనవి దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతానికి చెందినవి. అక్కడి రియో నీగ్రో నదిలో, రాలి కుళ్ళిన ఆకుల సారంతో నీరు చిక్కని తేనీటివలె ఉంటుంది. అందులో లవణాలు అత్యల్పం, ఆమ్లగుణం అధికం. పెంపక కేంద్రాలలో పుట్టిన చేపలు కొంత కఠినతను ఓర్చుకొంటాయి గాని, ఓర్చుకోవడం వేరు, సుఖించడం వేరు. కఠినజలంలో ఈ టెట్రాల గుడ్లు సరిగా పొదగవు.

ఒక విద్యార్థి ముచ్చటపడి పది నియాన్ టెట్రాలను కొని, బోరునీటిలో విడిచాడనుకొందాం. నీటిని ఆమ్లం చేయాలని విని, తొట్టిలో నిమ్మరసం పిండాడు. పీహెచ్ దిగింది. కాని నీటిలోని బైకార్బొనేట్లు ఆ ఆమ్లాన్ని హరించగా మరునాటికి మరల పైకెక్కింది. అతడు మరల పిండాడు. ఈ ఎగుడుదిగుడులకు తాళలేక చేపలు ఒకటొకటిగా తేలిపోయాయి. అతనిలో ప్రేమకు లోపం లేదు, తెలివిడికే లోపం. నీటిని ఆమ్లం చేయడానికి ముందు మృదువు చేయాలన్నది ఇక్కడి సూత్రం.

అందుకు మార్గాలు లేకపోలేదు. తొలి వానలకు కప్పు కడిగిన తరువాత పట్టిన శుభ్రమైన వాననీటిని గాని, శుద్ధియంత్రం నుండి వచ్చిన నీటిని గాని కుళాయినీటితో కొలిచి కలపాలి. బొత్తిగా లవణాలు లేని నీరు కూడ మంచిది కాదు. కుళాయినీటిలోని క్లోరిన్‌ను ముందుగా తొలగించాలి. ఎండిన బాదం ఆకులు వేస్తే మృదుజలం కొంత ఆమ్లగుణం పొందుతుంది. నీరు మార్చిన ప్రతిసారి అదే పాళ్ళు పాటించాలి.

ఇంతటి ఓర్పు లేనివారు మన నీటికి తగిన చేపలనే ఎంచుకోవడం మేలు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ కఠినజలంలో హాయిగా బతుకుతాయి. మన దేశపు వాగులలో పుట్టిన జీబ్రా చేప వేర్వేరు స్వభావాల నీటికి అలవడగలదు.

ఈ వివేచన మన పూర్వులకు కొత్త కాదు. 12వ శతాబ్దికి చెందిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో ‘మత్స్యవినోదం’ అనే ప్రకరణాన్ని కూర్చి, సముద్రపు చేపలను, మంచినీటి చేపలను వేరుచేసి చెప్పాడు.

మరొక ధర్మం కూడ ఉన్నది. విసుగు పుట్టినంత మాత్రాన తొట్టిలోని చేపలను కాలువలలో, చెరువులలో విడువరాదు. దెయ్యం చేప అని ప్రజలు పిలిచే సక్కర్ చేప అలంకార చేపగా వచ్చి, నేడు కృష్ణలో జాలరుల వలలకు బెడదగా మారింది.

గాజుతొట్టిలోని ప్రాణి తన నీటిని తాను ఎంచుకోలేదు. ఆ ఎంపిక మనది. ఆ బాధ్యతా మనదే.

కఠిన పదాలు – అర్థాలు

వివేచన = మంచిచెడుల విచారణ
పరీవాహక ప్రాంతం = నదిలోకి నీరు చేరే ప్రదేశం
పాళ్ళు = భాగాలు
ప్రకరణం = గ్రంథంలోని ఒక విభాగం

ప్రశ్నలు

1. మన ప్రాంతపు బోరునీరు కఠినజలం కావడానికి కారణాలు వివరించండి.
2. నిమ్మరసం పిండిన విద్యార్థి ప్రయత్నం ఎందుకు విఫలమైంది?
3. ‘ఓర్చుకోవడం వేరు, సుఖించడం వేరు’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.