ఉద్యానవనమే తరగతి గది: లాల్‌బాగ్ చెప్పే పాఠం

నగరంలోని ఉద్యానవనాలను గురించి విద్యార్థులకు బోధించవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా రెండు మాటలు చెప్పి ఊరుకుంటాము: చెట్లు గాలిని శుభ్రపరుస్తాయి, కంటికి ఇంపుగా ఉంటాయి. ఇవి నిజమే. కాని ఇంతమాత్రమే చెప్పినచో తోట అనేది నగరానికి ఒక అలంకారమనీ, అవసరపడితే తీసివేయవచ్చుననీ పిల్లలు తలచే ప్రమాదమున్నది. తోట చేసే పనిని వారి చేతనే కొలిపించడం మేలైన పద్ధతి. బెంగుళూరులోని లాల్‌బాగ్ అందుకు తగిన చోటు.

1760లో హైదర్ అలీ ప్రారంభించిన ఈ తోటను, ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ దూరదేశాల నుండి మొక్కలు తెప్పించి పెంపొందించాడు. నేడు దీని వైశాల్యం సుమారు 240 ఎకరాలు. తోటలోని శిలాగుట్ట వయస్సు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. భూగర్భశాస్త్ర విద్యార్థికి అదే ఒక గ్రంథం. 1908లో ఇక్కడి బాధ్యతలు చేపట్టిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగెల్, ఏడాది పొడవునా ఏదో ఒక జాతి పూస్తూ ఉండేటట్లు బెంగుళూరు వీధులలో వృక్షాలు నాటించాడు. వాటిలో పెక్కు పరదేశపువే. తురాయి మడగాస్కర్ నుండి, నిద్రగన్నేరు, జకరండా దక్షిణ అమెరికా ఖండం నుండి మనకు వచ్చినవి. తురాయిని మన ఊళ్ళలో పరాయి చెట్టని నేడు ఎవరంటారు?

ఇక కొలత విషయం. వేసవి మధ్యాహ్నం విద్యార్థులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును వెలుపలి తారురోడ్డు వద్ద, రెండవ జట్టును చెట్ల నీడలో ఉష్ణమాపకాలతో నిలపాలి. రోడ్డు వద్ద మాపకంపై నేరుగా ఎండ పడకుండా అట్టముక్క అడ్డుపెట్టాలి. లేనిచో అది గాలి వేడిని సరిగా చూపదు. బెంగుళూరు వీధులలో కొలతలు తీసి 2013లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, చెట్లున్న చోట మధ్యాహ్నపు గాలి 5.6 డిగ్రీల సెల్సియస్ వరకు, రోడ్డు ఉపరితలం 27.5 డిగ్రీల వరకు చల్లగా ఉన్నట్లు తేలింది. ఆకుల నుండి నీరు ఆవిరి అవుతూ చుట్టూ ఉన్న వేడిని గ్రహిస్తుంది. నీడ వలన తారు పగటి వేడిని దాచుకొని రాత్రి వెలువరించే అవకాశం తగ్గుతుంది. పిమ్మట చెంబెడు నీరు తారుపైనా, మరొక చెంబెడు ఆకులు రాలిన మట్టిపైనా పోయించండి. ఒకటి కాలువ వైపు పరుగెత్తుతుంది, రెండవది అక్కడే ఇంకుతుంది. వానాకాలంలో వీధులు మునగడానికి, వేసవిలో బావులు ఎండడానికి గల సంబంధం పిల్లవానికి అప్పుడు ఉపన్యాసం లేకుండానే బోధపడుతుంది.

పౌరశాస్త్రపు అధ్యాపకునికి కూడా ఇక్కడ పని ఉన్నది. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల నేల అన్యాక్రాంతం కాకుండా కర్ణాటక ప్రభుత్వం 1975లో ప్రత్యేక చట్టం చేసింది. అయినను 2009లో మెట్రో రైలు మార్గానికై లాల్‌బాగ్ అంచున కొంత నేల తీసుకొన్నారు. నగరవాసులు వీధికెక్కి నిరసన తెలిపారు. రైలు కూడా లక్షలాది ప్రజలకు అవసరమైనదే. కావున ఏది ముఖ్యమని తేల్చి చెప్పకుండా, ఉభయపక్షాల వాదాలనూ విద్యార్థుల చేతనే వినిపించాలి. వారు వ్రాసుకొన్న ఉష్ణోగ్రతల పట్టిక ఆ వాదంలో వారి చేతనే ఉండాలి.