గూడు లేనివారికి సహాయం: గొడ్డలి నేర్పే పాఠం



రమజాన్ నెల రాగానే మన మస్జిదుల గుమ్మాల ముందు చేతులు చాచేవారు బారులు తీరుతారు. మనం జేబులోని చిల్లర వారి చేతుల్లో వేసి, బాధ్యత తీరిందనుకుని లోపలికి వెళ్తాం. మరుసటి సంవత్సరం మళ్లీ అదే గుమ్మం, అవే చేతులు. మన దానం వారి ఒక పూట ఆకలి తీర్చింది గాని, వారిని ఆ గుమ్మం నుంచి లేపలేకపోయింది. దైవప్రవక్త (స) మనకు నేర్పిన సహాయం ఇంతేనా? ఈ నెల పాఠంలో దీన్ని పరిశీలిద్దాం.

ఒక దుప్పటి, ఒక గిన్నె

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక సంఘటన ఉంది. ఒక అన్సారీ వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి యాచించాడు. ఆయన (స) "మీ ఇంట్లో ఏమీ లేదా?" అని అడిగారు. సగం పరచుకుని సగం కప్పుకునే ఒక ముతక దుప్పటి, నీళ్లు తాగే ఒక గిన్నె ఉన్నాయన్నాడు. ఆయన (స) వాటిని తెప్పించి, అనుచరుల మధ్య వేలం వేసి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు. రెండో దిర్హముతో గొడ్డలి కొని తెమ్మన్నారు. దానికి తమ చేతులతో స్వయంగా పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమనీ, పదిహేను రోజుల దాకా కనిపించవద్దనీ చెప్పి పంపారు. అతను పది దిర్హములు సంపాదించుకుని తిరిగివచ్చాడు.

గమనించండి! మొదట ఆ పూట తిండి, వెంటనే పనిముట్టు, ఆ తరువాత గడువు. ఆయన (స) ఆకలిని విస్మరించలేదు. కాని ఆకలి దగ్గరే ఆగిపోలేదు. అదే హదీసులో, తీవ్రమైన పేదరికంలో ఉన్నవానికి, భారమైన అప్పులో చిక్కుకున్నవానికి, రక్తపరిహారం భరించలేనివానికి మాత్రమే యాచించడం తగుతుందని కూడా తెలిపారు. ఇందులో అప్పు ప్రస్తావన మన ప్రాంతానికి ఎంతో ముఖ్యమైనది.

ఇళ్లు కట్టేవారికి ఇల్లు లేదు

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని నారాయణపేట, మక్తల్, కోస్గి, మద్దూరు ప్రాంతాల నుంచి, నల్లగొండ వైపు దేవరకొండ తండాల నుంచి కూలీలు తరతరాలుగా వలస పోతున్నారు. దేశంలోని ఎన్నో ఆనకట్టల్లో, కాలువల్లో పాలమూరు కూలీల చెమట ఉంది. వాన ముఖం చాటేసినా, ఇంట్లో పెళ్లో రోగమో వచ్చినా గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా ఆలుమగలు ముంబయికో, హైదరాబాదుకో, మరో పని చోటుకో వెళ్లాలి. ఊళ్లో తాళం పడిన ఇల్లు వానకు కూలిపోతుంది. పని చోట వేసుకున్న గుడిసె పని ముగిసేదాకానే. పది అంతస్తులు కట్టిన చేతులకు తలదాచుకునే చోటుండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పిల్లల్ని భుజాన వేసుకుని రహదారుల వెంట నడిచినవారిని దేశమంతా చూసింది.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. ఆ పథకం ఏడాదికి కుటుంబానికి ఇచ్చిన 100 రోజుల పని హామీ మేలైనదే. కాని రోజుకింత చొప్పున చేతికందే కూలి, ఒక్కసారిగా మీదపడే అప్పును తీర్చలేదు. నిరాశ్రయత మొదలయ్యేది ఫుట్‌పాత్ మీద కాదు, ఊళ్లో తీసుకున్న ఆ అప్పు దగ్గర. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్నప్పుడు, పేదలతోపాటు రుణగ్రస్తులకూ, దారిలో నిస్సహాయులైన బాటసారులకూ వాటా నిర్ణయించింది.

మదీనాలో గూడు

మక్కాలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన ముహాజిర్లను అన్సార్లు తమ ఇళ్లలో చేర్చుకున్నారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానంటే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనకు శుభం కోరి, బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, జున్ను అమ్మి తన కాళ్లపై నిలబడ్డారు. నీడ ఇచ్చినవారి ఔదార్యం, పని వెతుక్కున్నవారి ఆత్మగౌరవం, ఈ రెండూ కలిస్తేనే మదీనా సమాజం నిలిచింది.

పోచంపల్లి హెచ్చరిక

మన పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూమిలేని 40 దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడానికి ముందుకొచ్చారు. అక్కడి నుంచే భూదానోద్యమం దేశమంతా పాకింది. అయితే తరువాతి కాలంలో దానంగా వచ్చిన భూముల్లో కొంత సాగుకు పనికిరాలేదు, కొంత పంచబడలేదు, కొంత వివాదాల్లో చిక్కుకుంది. ఇవ్వాలనే మనసు ఎంత గొప్పదైనా, ఇచ్చినది పేదవాని చేతికి చేరి అతనికి అన్నం పెట్టేదాకా వెంట నిలవాలి. ఆ గొడ్డలికి పిడి బిగించడమంటే అదే!

మనం ఏం చేయాలి?

ఒకటి: జకాత్‌ను సమష్టిగా వసూలు చేద్దాం. ఇరవై మంది పదేసి వేలు ఇచ్చారనుకుందాం, 2 లక్షలవుతుంది. 400 మందికి పంచితే తలా 500. అదే నలుగురి అడ్వాన్సు అప్పు తీర్చితే, నాలుగు కుటుంబాలు ఊళ్లోనే ఉంటాయి.

రెండు: పనిముట్లు ఇద్దాం. కుట్టుమిషను, తాపీ సామాను, తోపుడుబండి, ఏది చేతనైతే అది. వృత్తి తెలిసినవానికి పనిముట్ల ఖరీదు జకాత్ నుంచి ఇవ్వవచ్చని ఇమామ్ నవవీ (రహ్మలై) వివరించారు.

మూడు: ఖర్జె హసనా నిధి పెట్టుకుందాం. 2024 మార్చిలో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో స్థలమున్న పేదలకు 5 లక్షల రూపాయలు ప్రకటించారు. ఆ డబ్బు దశలవారీగా, మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే ఇస్తారు. చేతిలో పైసా లేనివాడు బేస్‌మెంట్ ఎలా లేపుతాడు? అక్కడ వడ్డీలేని అప్పు అందిస్తే, బిల్లు రాగానే అది తిరిగివచ్చి మరో ఇంటికి పునాది అవుతుంది. ఈ నిధిని సదఖాతో ఏర్పరచాలి.

నాలుగు: స్వల్ప అద్దె గదులు కట్టాలనుకుంటే వక్ఫ్, సదఖాలతో కట్టాలి. జకాత్ సొమ్ము అర్హుని సొంతం కావాలన్నది హనఫీ ధర్మశాస్త్ర నియమం. సందేహముంటే ఉలమాలను సంప్రదించండి.

ఈ వలస కూలీల్లో అన్ని మతాలవారూ ఉన్నారు. సదఖా, ఖర్జె హసనా తలుపులు వారందరికీ తెరిచే ఉంచాలి. యాచిస్తున్న ఒక వృద్ధ యూదునికి బైతుల్‌మాల్ నుంచి భృతి ఏర్పాటు చేసిన హజ్రత్ ఉమర్ (రజి) మన ఖలీఫాయే కదా!

వచ్చే రమజాన్‌లో మన మస్జిదు గుమ్మం ముందు ఒక్క మనిషైనా తగ్గాలి. విసుక్కుని తరిమేసినందువల్ల కాదు, అతనికి ఊళ్లో పని, తలపై కప్పు దొరికినందువల్ల. అల్లాహ్ మనకు అటువంటి సహాయం చేసే సద్బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.